తేదీలలోని వింతలు - వ్రాతలోని చిక్కులు

2020వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీని 02-02-2020 అని వ్రాసినచో, ఆ ఎనిమిది అంకెలను ఎటునుండి చదివినను ఒకే వరుస వచ్చును. రోజును గాని, నెలను గాని, సంవత్సరమును గాని ముందు వ్రాసినను ఈ గుణము చెడదు. దీనికి పూర్వము ఇట్టి తేదీ 1111వ సంవత్సరము నవంబరు 11. ఇకముందు రాబోవునది 2121వ సంవత్సరము డిసెంబరు 12.

ఇట్టి తేదీలు విద్యార్థులకు వినోదము కలిగించుట సహజమే. కాని ఆ వింత కాలమునకు చెందినదా, వ్రాతకు చెందినదా అని విచారింపవలెను. 22-02-2022 భారతదేశపు పద్ధతిలో ఎటునుండి చదివినను ఒకటే. అమెరికావారు ఆ రోజునే 02-22-2022 అని వ్రాయుదురు. వెంటనే వింత మాయమగును. రోజు మారలేదు, వ్రాత మారినది.

రామానుజన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన 1729 సంగతి వేరు. రెండు ధనపూర్ణాంకముల ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అది కనిష్ఠము: 1, 12ల ఘనములను కూడినను, 9, 10ల ఘనములను కూడినను అదే వచ్చును. పది బదులు పండ్రెండును ఆధారముగా గొన్నచో 1729 యొక్క రూపము 1001 అగును. ఆ రూపము ఎటునుండి చదివినను ఒకటే. దశాంశ రూపము అట్లు కాదు. ఘనముల గుణము సంఖ్యది. అంకెల వరుస గుణము వ్రాతది. ఈ భేదమును చెప్పక తేదీలను మాత్రమే మెచ్చుకొనుట గణితబోధ కాజాలదు.

వృత్తపరిధికి, వ్యాసమునకు గల నిష్పత్తి విషయములోను ఇట్లే జరిగినది. నెలను ముందు వ్రాయువారికి 3.14ను తలపించు మార్చి 14ను యునెస్కో 2019లో అంతర్జాతీయ గణిత దినోత్సవముగా ప్రకటించినది. రోజును ముందు వ్రాయువారికి 22/7 అనగా జూలై 22. నిజమైన విలువకు 3.14 కంటె 22/7 దగ్గర: మొదటి దానిలో దోషము సుమారు 0.0016, రెండవ దానిలో సుమారు 0.0013.

ఇంతవరకు వినోదమే, ఇక నష్టమును చూడవలెను. 03-04-2025 అనగా ఏప్రిల్ 3 యా, మార్చి 4 యా? విదేశ విద్యాలయపు దరఖాస్తు గడువును ఇట్లు వ్రాసినచో, ఏప్రిల్ వరకు వేచియున్న విద్యార్థి ఒక సంవత్సరము కోల్పోవచ్చును. రోజు, నెల రెండును 12కు మించని తేదీలు ఏటా 144. వానిలో రెండును సమానమైనవి 12 తీసివేయగా, 132 తేదీలు సందిగ్ధములే.

గంటల వ్రాతలోను లోపము కలదు. ఎ.ఎం. అనగా మధ్యాహ్నమునకు పూర్వము, పి.ఎం. అనగా తరువాత. సరిగా మధ్యాహ్నము 12 గంటలు ఈ రెండింటిలో దేనికిని చెందవు. రైల్వేవారి 24 గంటల పద్ధతి ఈ చిక్కును తొలగించినది గాని, అలవాటును మార్చలేదు. 20వ తేదీ 00.10కి బయలుదేరు రైలునకు 19వ తేదీ రాత్రియే స్టేషను చేరవలెనని మరచిన ప్రయాణికునికి మిగులునది ఖాళీ ప్లాట్‌ఫారమే.

పంచాంగములో వారము సూర్యోదయమున మారును. కనుక తెలుగువారికి అర్ధరాత్రి దాటిన రెండు గంటలు ఇంకను బుధవారమే. క్యాలెండరులో అప్పటికే గురువారము. ఈ చిక్కునెరిగిన పెద్దలు శుభలేఖలో "బుధవారము రాత్రి 2 గంటలకు, తెల్లవారితే గురువారము" అని వ్రాయుదురు. ఆ చిన్న వివరణ ఏ సూత్రగ్రంథమునకును తీసిపోదు.

1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణము సంవత్సరము, నెల, రోజు అను క్రమమును నిర్ణయించినది. పెద్ద పరిమాణమునుండి చిన్నదానికి పోవు ఈ క్రమములో అంకెల వరుసయే కాలక్రమమగును. దీని ప్రధాన గుణమిది. కాని సంవత్సరమునకు నాలుగంకెలు లేనిచో 03-04-05 మూడు విధముల చదువబడును. అర్ధరాత్రి విషయములో ఆ ప్రమాణమే తడబడినది: 2019 కూర్పులో 24.00 అను వ్రాతను తొలగించి, 2022 సవరణలో మరల అంగీకరించినది.

కనుక వ్రాతకు పరీక్ష అందము కాదు, ఏకార్థత. నల్లబల్లపై తేదీ వేయు ఉపాధ్యాయుడు నెల పేరును అక్షరములలో వ్రాసినచో చాలును. వింతలు కొన్ని తగ్గును గాని, పొరపాటు పడువారును తగ్గుదురు.