ముందు పంక్తిలో కూర్చోండి

రోటీ కోసం రెండు చేతులూ చాపాలి. అమృత్‌సర్ స్వర్ణమందిరంలో లంగర్ భోజనానికి మొదటిసారి వెళ్లిన తెలుగువాళ్లు తడబడేది ఇక్కడే. కంచంలో వేస్తారులే అని కూర్చుంటారు. వడ్డించే సేవాదార్ వేయడు, ఆగి చూస్తాడు. పక్కనున్న పెద్దాయన మోచేత్తో తట్టి, అరచేతులు ఎలా పట్టాలో చూపిస్తాడు. అప్పుడుగానీ వేడి రోటీ దోసిట్లో పడదు. కారులో వచ్చినవాళ్లకూ, రిక్షా తొక్కి వచ్చినవాళ్లకూ ఒకటే నేల, ఒకటే స్టీలు పళ్లెం, బకెట్లోంచి గరిటెతో పోసే ఒకటే పప్పు. మామూలు రోజుల్లోనే సుమారు 50 వేల మంది తింటారు. పండగలప్పుడు లక్ష దాటుతుంది. నీ పేరేంటి, మీరేవిట్లు అని అడిగే నాథుడుండడు.

మన దగ్గర సర్దార్జీ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది జోకు. ఆ జోకులకు నవ్వని హాస్టలు గది, పెళ్లి బస్సు మన రాష్ట్రాల్లో దొరకడం కష్టం. వాటిని ఆపించాలంటూ కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. పౌరులు ఎలా నడుచుకోవాలో నీతి నియమాలు తాము రాసివ్వలేమని 2017 ఫిబ్రవరిలో కోర్టు చెప్పేసింది. కోర్టు మాటలో తప్పేమీ లేదు. అయితే ఆ జోకు చెప్పేవాళ్లలో ఎంతమంది ఒక సర్దార్జీ పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తిన్నారో కూడా అడగాల్సిందే.

పక్కపక్కన కూర్చోబెట్టడమే లంగర్ అసలు పని. గురునానక్‌తో మొదలైన ఈ వంటశాలను రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ నడిపించారు. ఆమె లంగర్‌లో పంచిన నేతి పాయసం సంగతి సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది. మూడో గురువు అమర్‌దాస్ దాన్ని కట్టుబాటు చేశారు: ముందు పంక్తిలో కూర్చుని తినాలి, ఆ తర్వాతే గురుదర్శనం. చూడ్డానికొచ్చిన అక్బరు పాదుషా కూడా నేలమీద కూర్చునే తిన్నాడని సిక్కులు చెప్పుకుంటారు. పదహారో శతాబ్దంలో ఇది సామాన్యమైన తెగింపు కాదు. మన తెలుగు విందుల్లో పంక్తిభేదం ఎంతకాలం సాగిందో, ఎవరి విస్తరి పెరట్లో పడేదో పెద్దవాళ్లనడిగితే తెలుస్తుంది.

దీన్ని అన్నదానం అనుకుంటే సగమే అర్థమైనట్టు. దానంలో పెట్టేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేవాడి చెయ్యి కింద. ఇక్కడ తిని లేచినవాడు కావాలంటే నేరుగా గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి పోవచ్చు. వెల్లుల్లి వలిచేవాళ్ల మధ్య చోటు చేసుకుని కూర్చోవచ్చు. గుమ్మం బయట జోళ్లు తుడిచేవాళ్లలో షాపుల యజమానులుంటారు, చదువుకునే పిల్లలుంటారు. ఉచితంగా తినేవాడు బిచ్చగాడే అన్న మన నమ్మకం ఆ తొట్టి దగ్గర చెల్లదు.

ఇంత చేసినా తలపాగా మీద పడిన ముద్ర పోలేదు. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన నాలుగో రోజున, అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీని ఆయన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపారు. మొక్కలు నాటే పనిలో ఉన్నాడాయన. దాడుల బాధితుల కోసం ఆ రోజే విరాళం ఇచ్చి వచ్చాడు కూడా. తలపాగా, గడ్డం చూసి అరబ్బు అనుకున్నాడు హంతకుడు. మన తెలుగువాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని 2017లో కాన్సాస్‌లో పొట్టన పెట్టుకున్నవాడూ ఇలాగే ఆయన్ని ఇరానీయుడనుకున్నాడు. ఆ రోజు అడ్డుపడి తూటా తిన్నది ఇయాన్ గ్రిలట్ అనే తెల్లవాడు. తెల్లవాళ్లంతా ఇంతే అని తెలుగిళ్లలో అనుకోబోయిన మాట అతని వల్ల గొంతులోనే ఆగింది. హ్యూస్టన్‌లోని భారతీయులు చందాలేసుకుని, ఇల్లు కొనుక్కోమని అతనికి లక్ష డాలర్లు ఇచ్చారు.

సోధీ మంచితనం అతణ్ణి కాపాడలేదు. చంపినవాడు అతనితో ఒక్క పూటైనా కూర్చుని ఎరగడు. దయకున్న పరిమితి అది. చెయ్యి అందినంత దూరమే అది పనిచేస్తుంది.

అందుకే లంగర్ ఒక్కచోట ఉండిపోదు, మనుషులున్న చోటికి వెళ్తుంది. 2020 చివర్లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు బైఠాయించినప్పుడు వాళ్లకు ఖలిస్తానీలని పేరు పెట్టినవాళ్లున్నారు. అదే శిబిరాల లంగర్లలో కాపలా పోలీసులకూ రోటీలు వడ్డించారు. మరుసటి ఏప్రిల్లో కరోనా రెండో అల విరుచుకుపడి ఆస్పత్రుల్లో పడకలు దొరకనప్పుడు, ఘాజియాబాద్ ఇందిరాపురంలోని గురుద్వారా ముందు ఆక్సిజన్ లంగర్ వెలిసింది. కార్ల వెనక సీట్లలో, ఆటోల్లో రోగులుండగానే సిలిండర్లు తగిలించారు. వచ్చినవాడిది ఏ మతమని చూడలేదు.

హైదరాబాదీలకు ఇందుకోసం అమృత్‌సర్ టికెట్టు అక్కర్లేదు. 1830ల్లో నిజాం కొలువుకొచ్చిన పంజాబీ సైనికుల వారసులు ఈ ఊళ్లోనే ఉన్నారు. దక్కనీ మాట్లాడతారు, తెలుగూ వచ్చు. అమీర్‌పేట గురుద్వారాలో తలకు రుమాలు కట్టుకున్న ఎవరినైనా పంక్తిలో కూర్చోబెడతారు.

లంగర్ అన్ని భేదాలనూ కడిగేసిందంటే మాత్రం అబద్ధమవుతుంది. పంజాబ్‌లో చాలా ఊళ్లలో దళిత సిక్కులకు వేరే గురుద్వారాలు, వేరే శ్మశానాలు ఇప్పటికీ ఉన్నాయి. పంక్తిలో కలిసి తిన్నవాళ్లే ఊళ్లోకి వచ్చాక విడిపోతున్నారు. వాళ్లను వేలెత్తి చూపే ముందు మన వంటిళ్లలోకీ తొంగిచూడాలి. పల్లె హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిని తిట్టిపోసే చదువుకున్న కుటుంబాల్లోనూ పనిమనిషి టీ తాగే గ్లాసు వేరేగా ఉంటుంది. దాన్ని మిగతా గ్లాసులతో కలిపేయడానికి చందాలు, సిలిండర్లు అక్కర్లేదు. కలిపితే ముందు మొహం ముడిచేది అత్తగారో, ఆయనగారో, ఆ ఇల్లాలికి ఎటూ తెలుసు.