రేకు తీసే చెయ్యి

ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కునేవాళ్ళు ఓ పది నిమిషాలు రేకు తీసే చోట కూర్చుని వెళ్ళాలని నా కోరిక. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట, పక్కన పలచటి బియ్యప్పిండి జావ. అందులో ముంచిన గుడ్డని రెండు చేతులా పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. కళ్ళు మూసి తెరిచేలోగా రేకు ఆరిపోతుంది. అంచు దొరకబుచ్చుకుని చిరక్కుండా ఒలిచేస్తారు.

"కుండ సరిగ్గా కాగిందని ఎలా తెలుస్తుందమ్మా?" అని ఒకావిడని అడిగాను. "గుడ్డ జారే తీరులోనే తెలిసిపోద్దండి" అంది, చెయ్యి ఆపకుండా.

ఒక చేతి అరచేతిలోనూ వేళ్ళలోనూ కలిపి సుమారు 17,000 స్పర్శ నాడీ తంతువులు ఉంటాయని 1979లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. వేలికొసల్లో ఇవి బాగా దట్టంగా ఉంటాయి. మైస్నర్ కణికలు పట్టు జారుతున్న క్షణాన్ని పసిగడతాయి. మెర్కెల్ కణాలు అంచునీ గరుకునీ చెబుతాయి. లోతుగా ఉండే పాసీనియన్ కణికలు సన్నటి అదురుని కూడా అందుకుంటాయి. రేకు అంచు దొరకడమూ, అది చిరగబోతోందని ముందే తెలియడమూ వీటి చలవే. వేడిది వేరే దారి. దాదాపు 43 డిగ్రీలు దాటితే మేలుకునే ప్రోటీన్ ఒకటి నాడుల కొసల్లో ఉంది. మిరపకాయ ఘాటు తగిలినా మేలుకునేది అదే. డేవిడ్ జూలియస్ దాన్ని మిరప ఘాటు సాయంతోనే పట్టుకున్నారు. ఒత్తిడిని గుర్తించే పీజో ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి 2021లో నోబెల్ అందుకున్నారు.

నన్ను మరీ ఆశ్చర్యపరిచింది ఆవిడ చూపు. మంట ఎగదోస్తూ, నాతో మాట్లాడుతూ ఉంటే చెయ్యి దానంతటదే జావ గిన్నెలోకి వెళ్ళి వస్తోంది. చెయ్యి ఎక్కడుందో కన్ను చెప్పనక్కర్లేదు. కండరం ఎంత సాగిందో దానిలోపలి కండర కదుళ్ళు ఎప్పటికప్పుడు మెదడుకి కబురు పెడుతూ ఉంటాయి. ఈ కబురుకి ఆధారమైన పీజో2 ప్రోటీన్ పుట్టుకతోనే పనిచేయనివాళ్ళు కొద్దిమంది ఉన్నారు. కళ్ళకి గంతలు కడితే వాళ్ళు తూలిపోతారు, తమ చెయ్యి పైకెత్తి ఉందో దించి ఉందో చెప్పలేరు. పంచేంద్రియాలని చిన్నప్పుడు వల్లెవేసిన మనకి ఈ ఇంద్రియం లెక్కలోకే రాలేదు.

ఒంటి తూకమూ అలా లెక్కలోకి రానిదే. కోనసీమలో పంటకాలవ మీద వేసిన తాటి దుంగని నెత్తిన మోపుతో దాటేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లోచెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలు తల ఎటు తిరుగుతోందో చెబుతాయి. సున్నపు స్ఫటికాలున్న రెండు సంచులు ఒంపుని చెబుతాయి. అరికాలు దుంగ గుండ్రతనాన్ని చెబుతుంది. మూడింటికీ పొంతన కుదిరితేనే అడుగు పడేది.

ఇంతటి విద్యని మనం "చేతి అలవాటు" అని తేల్చేస్తాం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అది ఊరికీ సరుకుకీ దక్కిన గౌరవం. రేకు తీసే ఆడవాళ్ళ వేళ్ళ సంగతి కూడా ఎవరైనా పట్టించుకోవాలి. ఎందుకంటే, షుగరు వ్యాధి ముదిరితే నాడులు దెబ్బతింటాయి. ముందు పాదాలు మొద్దుబారతాయి, కాలు నుంచి చెప్పు జారిపోయినా తెలియదు. కొంతకాలానికి వేళ్ళకీ పాకుతుంది. వేలికి స్పర్శ పోతే ఈ పనిలో కూలి పోయినట్టే, కాలినా తెలియదు గనక గాయాలు అదనం.

దీన్ని ముందే పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి, 128 హెర్ట్జ్ శ్రుతిదండం ఒకటి చాలు. రక్తంలో చక్కెర చూసిన రోజునే పాదాలకి ఈ రెండూ ఆనించి చూడొచ్చు. రేకు తీసే ఊళ్ళలో జరిగే ప్రతి ఆరోగ్య శిబిరంలోనూ ఈ పరీక్ష ఉండాలి.