తడి ఆరేదాకా

మా ఊరి చిత్రకళా సంఘంలో నెలకోసారి డెమో ఉంటుంది. రాజమండ్రిలో ఓ స్కూలు గది, చిన్నపిల్లల బెంచీలు, వాటిమీద మోకాళ్లు గడ్డానికి ఆనేలా మేము. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, ఇంటరు పిల్లలు, ఓ పళ్ల డాక్టరు. ఎవరమూ బొమ్మలు అమ్ముకుని బతికేవాళ్లం కాదు.

మొన్న ఆదివారం మాస్టారు గోదావరి మీద హేవలాక్ వంతెన వేసి చూపించారు. 300 జీఎస్ఎం కాగితాన్ని అట్టకి టేపుతో బిగించి, వెడల్పాటి బ్రష్షుతో తడిపి, ఆకాశం రంగు వదిలారు. బ్రష్షు కింద పెట్టి చేతులు కట్టుకు కూర్చున్నారు.

రెండు నిమిషాలు. మూడు. బెంచీలు కిర్రుమన్నాయి.

"ఫ్యాను వెయ్యమంటారా మాస్టారూ?"

"వద్దండీ. మెరుపు పోనివ్వండి."

నీటిరంగుల్లో ఉన్న కిటుకల్లా ఈ మెరుపే. కాగితం తళతళలాడుతుంటే వేసిన రంగు ఎటంటే అటు పారిపోతుంది. మెరుపు చచ్చి, తడి మాత్రం మిగిలినప్పుడు వేస్తే అవతలి గట్టు చెట్లు మంచులో ఉన్నట్టు మెత్తగా వస్తాయి. సగం ఆరాక నీళ్ల బ్రష్షు తగిలిందా, ఆ నీళ్లు పాత రంగుని పక్కకి నెట్టి అంచులు పువ్వులా విచ్చుకుంటాయి. దాన్ని మేం కాలీఫ్లవర్ అంటాం. ఎంతసేపు ఆగాలో లెక్క లేదు. రోహిణి కార్తెలో బ్రష్షు ఎత్తేలోపే ఆరిపోతుంది, ముసురు పట్టినరోజున టీ తాగొచ్చినా ఆరదు.

యూట్యూబు వీడియోల్లో చాలావాటిలో ఈ ఆగడమే కత్తిరించేస్తారు. పూర్తయిన బొమ్మలోనూ అది కనబడదు. ఈ ఊళ్లోనే పుట్టి, బొంబాయి జేజే స్కూల్లో చదివొచ్చి, ఇక్కడ చిత్రకళకి ఓ సంఘం పెట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు దామెర్ల రామారావు. ఆయన గ్యాలరీకి ఎన్నిసార్లు వెళ్లానో! ఆ బొమ్మల్లో ఆయన చెయ్యి ఎక్కడ ఆగిందో నాకు ఒక్కసారీ దొరకలేదు. మాస్టారి పక్కన కూర్చుంటే దొరికింది.

తెలిసినంత మాత్రాన చెయ్యి వింటుందా? అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపి, ఆ బూడిదరంగుతో నా వంతెన స్తంభాలు తొందరపడి నిలబెట్టాను. మాస్టారు వంగి చూశారు.

"కాలీఫ్లవర్ తోట బాగా కాసిందండీ."

ఇంటికొచ్చి మళ్లీ ఆకాశం వేసి, బ్రష్షు మా ఆవిడ చేతికిచ్చి, మెరుపు పోయేదాకా ఇవ్వొద్దన్నాను. ఇప్పటికి రెండుసార్లు అడిగాను. కాగితం వైపు చూసి తల అడ్డంగా ఊపుతోంది.