సంతలో కాటా, బడిలో కాటా

సంతలో చింతపండు అమ్మిన ప్రతి ఇంట్లోనూ ఒక కాటా కథ ఉంటుంది. ఇంటి దగ్గర ఇరవై కిలోలు ఉంటుందనుకుని మోసుకెళ్ళిన మూట షావుకారు కాటా మీద పదహారే తూగుతుంది. అనుమానం వచ్చి మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెడతాడు. పదహారే. మూడోసారి పెట్టినా పదహారే. "చూశావా, నా కాటా మాట మార్చదు" అంటాడు. నిజమే, మాట మార్చదు. అయితే మాట మార్చని కాటా నిజం చెబుతున్నట్టేనా? పక్క ఊరి సహకార డిపోలో అదే మూట పంతొమ్మిదిన్నర తూగిన రోజున మన పెద్దలకు ఆ సంగతి తెలిసింది.

బి.ఎడ్., డి.ఎడ్. చదివిన మనవాళ్ళందరూ పరీక్ష కోసం రెండు మాటలు బట్టీ పట్టే ఉంటారు: విశ్వసనీయత, సప్రమాణత. ఎన్నిసార్లు కొలిచినా ఒకటే చెప్పడం విశ్వసనీయత. దేన్ని కొలుస్తున్నానని చెబుతోందో దాన్నే కొలవడం సప్రమాణత. షావుకారు కాటాకు మొదటిది ఉంది, రెండోది లేదు. మనిషి ఆలోచనను, బాధను, నడవడికను కొలిచే కాగితాలు కూడా కాటాలే. వాటి మీద మన పిల్లలు తూగినప్పుడు ఈ రెండు ప్రశ్నలూ మనం అడుగుతున్నామా అన్నదే ఈ వ్యాసంలో మేము ఎత్తుతున్న విషయం.

మేము చదువుకున్న ఒక ఆశ్రమ పాఠశాలకు ఒకసారి బయటి నుంచి ఎవరో వచ్చి చిన్న తరగతుల పిల్లల తెలివిని పరీక్షించారు. మాలో ఒకరి చెల్లెలు అప్పుడు రెండో తరగతి. "ఇంటి తాళంచెవి పోతే ఏం చేస్తావు?" అని అడిగారు. "మా ఇంటికి తాళం లేదు" అంది. తప్పు. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నారు. పిల్లకు పేర్లు తెలుసు, ఇంటి భాషలో. తెలుగులో తెలియక తల వంచుకుంది. సున్నా. సాయంత్రానికి ఆమె పేరు ఎదురుగా 'మందబుద్ధి' అని రాశారు. ఆ మాట ఆమె వెనకాల అయిదో తరగతి దాకా నడిచింది. ఏ టీచరూ ఆమెను ప్రశ్న అడగలేదు, ఎందుకంటే అడిగి లాభం లేదని రిజిస్టరులో ఉంది. ఆ పిల్ల గొప్ప తెలివైనదని మేము ఇక్కడ వాదించడం లేదు. ఆమెకు ఎంత తెలివి ఉందో తెలుసుకునే అవకాశాన్ని ఆ పరీక్ష పోగొట్టింది, అంతే. కొలిచింది ఆమె తెలుగును, తాళాలున్న ఇళ్ళతో ఆమెకున్న పరిచయాన్ని. రాసింది మాత్రం ఆమె బుద్ధి గురించి.

ఇది ఒక్క బడిలో జరిగిన పొరపాటని వదిలేయవచ్చు. కానీ ఈ కాటా చరిత్ర చూస్తే ఇలాంటి పొరపాటు మొదటి నుంచీ దాని వెంటే ఉంది.

బడిలో వెనకబడుతున్న పిల్లలను గుర్తించే మార్గం కావాలని ఫ్రాన్స్ ప్రభుత్వం అనుకున్నప్పుడు, 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్ ముప్పై ప్రశ్నల పరీక్ష తయారుచేశారు. బినే ఉద్దేశం మంచిది. ఎవరికి ప్రత్యేకంగా చదువు చెప్పాలో తెలుసుకోవడానికే ఆ పరీక్ష. బుద్ధి పుట్టుకతో బిగిసిపోయిన వస్తువు కాదని, సాధనతో పెరుగుతుందని ఆయన నమ్మాడు. 1911లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడు జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించే పద్ధతి చెప్పాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని వందతో గుణించి 'ప్రజ్ఞాలబ్ధి' అనే అంకెను జనంలోకి తెచ్చాడు. సహాయం ఎవరికి కావాలో చెప్పడానికి పుట్టిన పరీక్ష, ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అని చెప్పే పరీక్షగా మారింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం రాబర్ట్ యెర్క్స్ ఆధ్వర్యంలో సుమారు 17 లక్షల మందికి ఇలాంటి పరీక్షలు పెట్టింది. చదువు వచ్చినవారికి 'ఆల్ఫా', రానివారికి బొమ్మల 'బీటా'. ఆల్ఫాలో ఒక వంటకొవ్వు బ్రాండు పేరిచ్చి అది మందా, టూత్‌పేస్టా, తినే వస్తువా అని అడిగారు. బీటాలో వల లేని టెన్నిస్ మైదానం బొమ్మ చూపి లోపించినదేమిటో గీయమన్నారు. టెన్నిస్ ఎప్పుడూ చూడనివాడు ఏం గీస్తాడు? అమెరికాలో ఎన్నేళ్ళుగా ఉంటున్నాడో దాన్ని బట్టి వలస వచ్చినవాడి మార్కులు పెరిగాయి. ఆ పరీక్ష అక్కడి జీవితంతో ఉన్న పరిచయాన్ని కొలుస్తోందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. కానీ కార్ల్ బ్రిగ్‌హామ్ 1923లో రాసిన పుస్తకంలో, తర్వాత తర్వాత వచ్చిన వలసజనం జాతిలోనే తక్కువవారని తేల్చాడు. అదే బ్రిగ్‌హామ్ 1930లో తన నిర్ణయం నిలవదని తానే ఒప్పుకున్నాడు. ఈలోగా, 1924లో, దక్షిణ, తూర్పు యూరప్ వాళ్ళ రాకను బాగా తగ్గించే చట్టం అక్కడ వచ్చేసింది. ఆ చట్టానికి కారణాలు చాలా ఉన్నాయి, పరీక్షలదే మొత్తం తప్పు అనలేం. మనం గమనించాల్సింది వేరే ఉంది. అంకె వేసినవాడు తప్పు దిద్దుకోవడానికి ఏడేళ్ళు పట్టింది. అంకె పడ్డవాడి జీవితం ఏడేళ్ళు ఆగదు.

కాటా తప్పని నిరూపించడం ఎలాగో చూపిన సంగతి కూడా అమెరికాలోనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆరుగురు నల్లజాతి పిల్లలను ప్రజ్ఞాలబ్ధి 75 కన్నా తక్కువ ఉందని మందబుద్ధి తరగతుల్లో వేశారు. అప్పట్లో కాలిఫోర్నియా బడుల్లో నల్లజాతి పిల్లలు సుమారు 9 శాతం, ఆ తరగతుల్లో మాత్రం 27 శాతం. నల్లజాతి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ పిల్లలతో స్నేహంగా కలిసిపోయి, వాళ్ళ మాటతీరులో ప్రశ్నలు అడిగి, వాళ్ళ జవాబును వాళ్ళ బతుకును బట్టి అర్థం చేసుకుని మళ్ళీ పరీక్షించారు. అందరూ 75 దాటారు. 1979లో జడ్జి పెక్‌హామ్, ఆ తరగతుల్లోకి నల్లజాతి పిల్లలను పంపడానికి ఆ పరీక్షలను వాడకూడదని తీర్పిచ్చాడు. అది 'లారీ పి.' కేసు. పిల్లలు మారలేదు, అడిగే మనిషి మారాడు, అడిగే తీరు మారింది.

"తప్పు" అని మార్కు వేసేవాడికీ, జవాబు చెప్పేవాడికీ మధ్య ఏం జరుగుతుందో రెండు సంగతులు చెబుతాయి. 1931, 32లలో సోవియట్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులను ఇలా అడిగాడు: దూర ఉత్తరాన మంచు ఉన్నచోట ఎలుగుబంట్లన్నీ తెల్లనివే, నోవాయా జెమ్ల్యా దూర ఉత్తరాన ఉంది, అక్కడి ఎలుగులు ఏ రంగు? చదువుకోని రైతులు చాలామంది, మేము అక్కడికి పోలేదు, చూడనిది ఎలా చెబుతాం, పోయినవాళ్ళను అడగండి అన్నారు. లూరియా దీన్ని చదువు లేని ఆలోచనకున్న హద్దుగా చూశాడు. మన గూడెంలో పెరిగినవారికి ఆ జవాబు కొత్తగా అనిపించదు. కళ్ళతో చూడనిదానికి సాక్ష్యం చెప్పకూడదని కులపంచాయితీలో నేర్చుకున్న మర్యాద అది. రైతు తర్కానికి జవాబు ఇవ్వలేదు, సాక్ష్యానికి ఇచ్చాడు.

రెండోది లైబీరియా దేశపు క్పెల్లే జనం సంగతి. మైకేల్ కోల్ బృందం వారికి ఇరవై వస్తువులు ఇచ్చి, కలిసి ఉండాల్సినవి ఒకచోట పెట్టమంది. వాళ్ళు కత్తిని నారింజపండుతో పెట్టారు, ఎందుకంటే కత్తి పండును కోస్తుంది. తెలివైనవాడు ఇలాగే పెడతాడని చెప్పారు. మరి తెలివితక్కువవాడైతే ఎలా పెడతాడని అడిగితే, తిండి వస్తువులు ఒకచోట, పనిముట్లు ఒకచోట చక్కగా సర్ది చూపించారు. శాస్త్రజ్ఞులు మొదటి నుంచి ఎదురుచూసిన 'సరైన' జవాబు అదే! వాళ్ళకు ఆ విభజన చేతకాక కాదు. అది తెలివనిపించలేదు, అంతే.

ఇక మాట మార్చడం సంగతి. బడిలో కాటా షావుకారు కాటాలా స్థిరంగా కూడా ఉండదు. మంచి పరీక్ష విశ్వసనీయత 0.90 అనుకుందాం. ప్రజ్ఞాలబ్ధి సగటు 100, విచలనం 15. లెక్క వేస్తే ఒక్కో మార్కులో సుమారు 4.7 దాకా సహజమైన ఊగిసలాట ఉంటుంది. అంటే 68 వచ్చిన పిల్ల అసలు మార్కు 59 నుంచి 77 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. గీత 70 దగ్గర గీస్తే ఆమె గీతకు ఇటా, అటా? ఇది ఆరోగ్యంగా, కడుపు నిండా తిని, తెలిసిన భాషలో రాసిన పిల్ల లెక్క. మలేరియా జ్వరం నుంచి లేచి, అయిదు కిలోమీటర్లు నడిచి వచ్చిన పిల్ల లెక్క ఏ పుస్తకంలో ఉంది? పోలికకు పెట్టుకున్న పిల్లలెవరన్నది కూడా అడగాలి. 1955లో సి. ఎం. భాటియా అక్షరం అక్కరలేని, చేతితో చేసే పరీక్షలు మన దేశంలో తయారుచేశాడు. అది మెచ్చుకోవాల్సిన పని. కానీ దాని ప్రమాణాలు ఉత్తరప్రదేశ్ మగపిల్లల మీద కట్టినవి. మన గూడెం ఆడపిల్లను దాని పక్కన నిలబెట్టేముందు ఆగి ఆలోచించాలి.

నడవడికను కొలవకుండానే ముద్ర వేసిన చరిత్ర మనకు ఇంకా దగ్గరిది. 1871 నేరస్త తెగల చట్టం మనుషులు ఏం చేశారో చూడలేదు, ఏ ఇంట్లో పుట్టారో చూసింది. స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను ఆ ముద్రతోనే కాపలాలో ఉంచారు. 1952లో చట్టం పోయింది, చూపు పూర్తిగా పోలేదు. అందుకే "ఈ పిల్లాడు మొండివాడు", "ఆ తండా పిల్లలకు శ్రద్ధ ఉండదు" అని ఎవరైనా రాస్తే మనం అడగాలి: ఏ పనిని మొండితనం అంటున్నారు? ఎన్నిసార్లు చూశారు? పక్కన ఉన్న ఇంకో టీచరు విడిగా లెక్కపెడితే అదే లెక్క వచ్చిందా? నడవడికను నిజంగా కొలిచే శాస్త్రజ్ఞులు ఈ మూడూ చేస్తారు.

ఇంత చెప్పాక, కొలతలే వద్దని మేము అంటున్నామని కొందరు యువకులు అనుకోవచ్చు. అలా అనడం లేదు. కాటా మోసం చేసిందని మన పెద్దలు చింతపండు అమ్మడం మానలేదు. సరైన కాటా కోసం సహకార డిపోకు పోయారు. వెనక బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లాడికి చెవులు వినబడటం లేదని తేల్చేది కొలతే. చదువులో నిజమైన ఇబ్బంది ఉన్న పిల్లకు సహాయం, సర్టిఫికెట్ దొరికేది కొలతతోనే. కొలత లేకపోతే ఆ ఇద్దరినీ కూడా సోమరులంటారు.

సరైన కాటా ఎలా తయారవుతుందో చూడాలంటే జింబాబ్వే వైపు చూడాలి. మనసు కుంగిపోవడాన్ని కొలవడానికి అక్కడ విక్రమ్ పటేల్, తోటివారు ఇంగ్లీషు ప్రశ్నలను అనువదించి ఊరుకోలేదు. షోనా జనం తమ బాధను ఏ మాటలతో చెప్పుకుంటారో ముందు విన్నారు. 'అతిగా ఆలోచించడం' అనే వాళ్ళ మాట ఒకటి దొరికింది. అలాంటి మాటలతో 14 ప్రశ్నలు కట్టి 1997లో ప్రచురించారు. తర్వాత హరారేలో చెట్టు కింద బల్ల వేసుకుని బాధ వినే అమ్మమ్మలు ఆ ప్రశ్నలనే వాడారు. మన భాషల్లో గుండె బరువెక్కడానికి, కడుపులో బెంగ చేరడానికి, నిద్ర పారిపోవడానికి ఎన్ని మాటలున్నాయో మన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఎవరు రాసుకున్నారు?

ఆ పని మనదే. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, కువి, గోండి, కొలామి వంటి భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి. వాటిని రాసినవారిలో మన టీచర్లూ ఉన్నారు. పాఠం రాయగలిగినవాళ్ళు ప్రశ్న కూడా రాయగలరు. ఒకరు మన భాషలోకి మార్చాలి, అసలు చూడని ఇంకొకరు దాన్ని వెనక్కి మార్చాలి, రెండూ పోల్చాలి. కొంతమంది పిల్లల దగ్గర అడిగి, రెండు వారాల తర్వాత మళ్ళీ అడగాలి. జవాబు ఎందుకు అలా చెప్పారో వాళ్ళనే అడగాలి. మనస్తత్వ శాస్త్రం చదివే మన పిల్లలు దీన్ని తమ పరిశోధనగా తీసుకోవచ్చు.

అంతవరకు టీచర్లకు మా మనవి ఒక్కటే. మీ బడిలో ఏ పిల్ల పేరు పక్కన అయినా అంకె గానీ ముద్ర గానీ కనిపిస్తే నాలుగు సంగతులు కనుక్కోండి. ఏ భాషలో అడిగారు? ఎవరితో పోల్చారు? మళ్ళీ అడిగితే అదే వచ్చిందా? ఈ అంకెతో పిల్లకు ఏం చేయబోతున్నారు? చివరి ప్రశ్నకు 'సహాయం' అన్న జవాబు రాకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

మాలో ఒకరి చెల్లెలు అన్నాం కదా. ఆమె ఆరో తరగతిలో, తన భాష తెలిసిన టీచరు వచ్చాక, నోరు తెరిచింది. ఇప్పుడు ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లలకు బొమ్మ చూపించి ముందు ఇంటి భాషలో పేరు అడుగుతుంది, తర్వాత తెలుగులో చెబుతుంది.