ఇంటి ఇన్‌హేలర్: గుణమెంత? దోషమెంత?

కర్నూలు నగరమును ఆనుకొని యున్న కల్లూరులో చలికాలము వచ్చినదనగానే పడిశము, దుమ్ము రెండును కలిసి ముక్కును మూసివేయును. అప్పుడు ఇంటిలోని అవ్వ వాము వేయించి, గుడ్డలో మూటకట్టి వాసన చూడుమనును. ఈ ప్రాంతపు నల్లరేగడి చేలలో వాము పండును. కర్నూలు మార్కెట్ యార్డులో దాని వ్యాపారము సాగును. కావున ఈ మందు చేతికందు దూరములోనే ఉన్నది. ఆ మూటకు నేటి రూపమే ఇంటిలో చేసికొను ఇన్‌హేలర్. దీనిని ఆకాశమున కెత్తువారు కొందరు, మూఢాచార మనువారు కొందరు. ఈ రెండు తీర్పులును తొందరపాటు తీర్పులే.

మొదట దీని తయారీని చూతము. ముద్దకర్పూరము, పుదీనా పువ్వు, వాము పువ్వు అను మూడును గదిలోని వేడిమి వద్ద ఘనపదార్థములు. పుదీనా పువ్వు సుమారు 42 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, వాము పువ్వు సుమారు 50 డిగ్రీల వద్ద కరుగును. కర్పూరము కరుగుటకు 175 డిగ్రీలు దాటవలెను. అయినను మూటిని ఒక సీసాలో వేసి, మూతపెట్టి కదిపినచో నిప్పు లేకయే ద్రవమగును. ఒక పదార్థపు అణువులు మరియొక దాని స్ఫటికపు కూర్పును చెదరగొట్టుటచే మిశ్రమము తక్కువ వేడిమి వద్దనే కరుగును. అమృతధార యను పేర మనవారికి తెలిసిన ద్రవమిదియే. దీనిని రెండు మూడు చుక్కలు దూదిపై వేసి, మూతగల చిన్న గొట్టములో నుంచినచో ఇన్‌హేలర్ సిద్ధము. ద్రవీభవన స్థానమును గూర్చి బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె చౌకయైన ప్రయోగము దొరకుట అరుదు. ఇంతవరకు దీనిని మెచ్చుకొనవలసినదే.

ఇక గుణము. వాసన పీల్చగానే ముక్కు తెరచుకొన్నట్లు తోచును. నిజముగా తెరచుకొన్నదా? 1983లో ఎక్లెస్, జోన్స్ అను పరిశోధకులు పుదీనా పువ్వు ఆవిరిని పీల్పించి, ముక్కులో గాలికి గల నిరోధమును కొలిచిరి. అనేకులు గాలి బాగుగా ఆడుచున్నదని చెప్పిరి. నిరోధము మాత్రము చెప్పుకొనదగినట్లు తగ్గలేదు. కారణము 2002లో మరింత తేటపడినది. చల్లదనమును గ్రహించు నాడీతంతువులలో ఒక ప్రోటీను ద్వారము కలదు. చలి తగిలినను, పుదీనా పువ్వు తగిలినను అది తెరచుకొనును. మెదడు రెంటికిని భేదము నెరుగక, చల్లని గాలి ధారాళముగా వచ్చుచున్నదని భావించును. ఈ ద్వారమును వేర్వేరుగా కనుగొన్న బృందములకు నాయకులైన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు, వేడిమిని, స్పర్శను గ్రహించు గ్రాహకములను కనుగొన్నందులకు 2021లో నోబెల్ బహుమతి లభించినది.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. పడిశముతో నున్న విద్యార్థి ముక్కు క్రింద చల్లని అద్దము నుంచి, ఏర్పడిన ఆవిరి మచ్చల చుట్టును గీత గీయవలెను. వాసన చూచిన రెండు నిమిషములకు మరల గీయవలెను. మచ్చ పెరిగినదా, లేక పెరిగినట్లు విద్యార్థికి తోచినదా యని అప్పుడు తేల్చవచ్చును. ఉబ్బసము కలవారిని దీనికి దూరముగా నుంచవలెను.

హాయి కలుగుట తప్పుకాదు. హాయిని చికిత్సగా భ్రమించుటయే తప్పు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ ఉధృతముగా నున్నప్పుడు కర్పూరము, లవంగము, వాము, నీలగిరి తైలము కలిపిన మూటను వాసన చూచినచో రక్తములో ఆక్సిజన్ పెరుగునని ఒక సందేశము దేశమంతట ప్రాకినది. వాచిన ఊపిరితిత్తులలోని గాలిగదుల గుండా ఆక్సిజన్ రక్తములోనికి పోలేకుండుట ఆ జబ్బులోని చిక్కు. ముక్కులోని చల్లదనము ఆ చిక్కును విప్పజాలదు. పైగా ఊపిరి ఆడుచున్నదను భ్రమచే రోగి ఆసుపత్రికి పోవుట ఆలస్యమగును. ఆ దినములలో గంటలు గడచినకొలది ప్రాణాపాయము పెరిగెడిది.

రెండవ దోషము కొలత లేమి. అంగడిలోని మందుపై పాళ్లు అచ్చువేసి యుండును. ఇంటి మిశ్రమమునకు చేయివాటమే తూకము. సుమారు ఒక గ్రాము కర్పూరము మ్రింగి పసిబిడ్డలు మరణించిన ఉదంతములు వైద్యగ్రంథములలో కలవు. శిశువుల ముక్కు వద్ద పుదీనా పువ్వు గాని, కర్పూరము గాని ఉంచినచో ఊపిరి బిగుసుకొనవచ్చును. కర్పూరమనుకొని కలరా ఉండలు వాడుట మరింత ప్రమాదము. అందలి నాఫ్తలీను కొందరి రక్తకణములను విచ్ఛిన్నము చేయును.

కావున ఇంటి ఇన్‌హేలరును పెద్దవారు పడిశమునకు కొద్దిగా వాడుకొనవచ్చును; సీసాను పిల్లల కందనిచోట దాచవలెను. ఆయాసము వచ్చినప్పుడు మాత్రము గొట్టమును ప్రక్కనుంచి వైద్యుని యొద్దకు పోవలెను. అవ్వ చేతి మూట ముక్కుకు హాయి నిచ్చును. ఊపిరితిత్తుల స్థితిని తెలుపునది కొలత మాత్రమే. ఈ భేదమును విద్యార్థి తన యింటిలో వివరింపగలిగిన నాడు పాఠము ఫలించినట్లే.