ఒక జన్యువుపై వచ్చిన అభియోగం

కాలిలో ముల్లు గుచ్చుకొన్నచో ఆ చోట ఎర్రబడి వాచును. రక్తంలో ప్రవహించుచున్న తెల్లకణాలు అక్కడ ఆగి, నాళపు గోడను దాటి బయటికి వచ్చును. వాటిని పట్టి నిలుపుటకు నాళాల లోపలి పొరపై జిగురువలె పనిచేయు ప్రోటీనులు కలవు. వీటిని ఆసంజక అణువులు అందురు. ఐకామ్-1 అట్టిదే. వాపు వచ్చినప్పుడు ఇది హెచ్చుగా తయారగును.

ఈ జిగురును మలేరియా క్రిమి కూడ వాడుకొనును. ఫాల్సిపారమ్ క్రిమి సోకిన ఎర్రకణాలు మెదడులోని సన్నని నాళాలలో ఐకామ్-1ను అంటిపెట్టుకొనగలవు. కావున ఈ అణువులోని మార్పు మెదడు మలేరియానుండి కాపాడునేమో అని ఊహించుట సహజమే.

1997లో కెన్యా తీరంలోని కిలిఫీలో జరిగిన పరిశోధన ఈ ఊహను తలక్రిందులు చేసినది. ఐకామ్-1లో 29వ స్థానంలో లైసిన్‌కు బదులు మెథియోనిన్ వచ్చు మార్పును తల్లిదండ్రులిద్దరినుండి పొందిన పిల్లలకు మెదడు మలేరియా ప్రమాదం హెచ్చని అది తెల్పినది. ఆ మార్పుకు కిలిఫీ పేరే స్థిరపడినది. 1998లో గాంబియా పరిశోధనలో ఏ సంబంధమూ కనబడలేదు. 1999లో గాబన్ పరిశోధన అదే మార్పు తీవ్ర మలేరియానుండి రక్షించునని చెప్పినది. ఒకే మార్పు ఒకచోట శత్రువు, ఒకచోట తటస్థుడు, మరొకచోట మిత్రుడు!

నాణెమును పదిసార్లు ఎగురవేయగా ఏడుసార్లు బొమ్మ పడినంతమాత్రాన నాణెములో దోషమున్నదనరాదు. పరీక్షించినవారి సంఖ్య చిన్నదైనచో యాదృచ్ఛికమే సత్యమువలె కనబడును. అంతకు మించిన చిక్కు మరొకటి కలదు. ప్రమాదం హెచ్చినచో ఒక వివరణ, తగ్గినచో మరొక వివరణ సిద్ధముగా నుండును. ఏ ఫలితమునకైనను సరిపడు వివరణ దేనినీ నిరూపింపదు.

2008లో వెలువడిన పరిశోధనలో గాంబియా, మలావి, కెన్యాలనుండి తల్లి, తండ్రి, బిడ్డ కలిసిన 1071 కుటుంబాలను పరీక్షించిరి. కిలిఫీ మార్పును మరి 708 గాంబియా కుటుంబాలలోను, వేరుగా 4058 మందిలోను చూచిరి. అన్నిటినీ కలిపి లెక్కించగా తీవ్ర మలేరియా విషయంలో వచ్చిన నిష్పత్తి 1.02. ఈ నిష్పత్తి 1 అయినచో ప్రభావమేమియు లేదని అర్థము. అభియోగం నిలువలేదు.

అయితే ఆసంజనమునకు ప్రాముఖ్యము లేదా? ఉన్నది. ఐకామ్-1ను పట్టుకొను తెల్లకణాల ప్రోటీను పుట్టుకతోనే లోపించిన శిశువులకు గాయాలలో చీము చేరదు, పుండ్లు మానవు, అంటురోగాలు విడువవు. ఇచ్చట ఒక్క జన్యువు చెడుటయే రోగకారణము. అణువు ముఖ్యమైనదనుట ఒకటి. అందలి ప్రతి చిన్న మార్పు రోగము తెచ్చుననుట వేరొకటి.

"ఫలానా రోగపు జన్యువు దొరికినది" అను వార్త తరగతిలో చదివినప్పుడు, ఎందరిని పరీక్షించిరి, వేరొకచోట అదే ఫలితం వచ్చినదా అని విద్యార్థులచే అడిగించుట ఉపాధ్యాయుల ధర్మము. ఈ రెండు ప్రశ్నలు అడుగక మునుపే ఒక బిడ్డ నుదుట రోగి అని వ్రాయుట శాస్త్రము కాదు.