చదివిపెట్టే గొంతు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నాకు చాలా సంతోషం కలిగించింది. రాసినావిడ తల్లికి కంట్లో రెటీనా దెబ్బతింది. పేజీ తెరిస్తే, సరిగ్గా ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే మాయమవుతోందట. "లైబ్రరీకి వెళ్లి అడుగుతాను, కొత్త ఆడియో పుస్తకాల్లో మంచివేవో చెప్పండి. భక్తివి వద్దు, అమ్మకి కథలు కావాలి" అని రాసింది. ఏ యాప్ వేసుకోమంటారని అడగలేదు, లైబ్రరీకి వెళ్తానంది. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా సంతోషం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

జాబితా రాద్దామని కూర్చుని దొరికినవన్నీ విన్నాను. వింటున్నకొద్దీ చిరాకేసింది. కథ మొదలవకముందే వేణువు మొదలవుతుంది. పాత్ర ఏడిస్తే చదివేవాళ్లూ ఏడుస్తారు. ముసలాయన మాట రాగానే గొంతు వణికిస్తారు. కథ గోదావరి ఒడ్డుదైనా, చిత్తూరు పల్లెదైనా టీవీ వార్తల తెలుగే. పుస్తకాన్ని సాదాగా చదవాలన్నది నా పాత పాట. ఏడిపించదలుచుకున్న రచయిత ఆ దుఃఖాన్ని వాక్యంలోనే పెట్టి ఉంటాడు. చదివేవాళ్లు దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

ఈ పట్టుదల నాకు మా పెద్దమ్మ నుంచి వచ్చింది. వారపత్రిక ఇంటికి వచ్చిన మధ్యాహ్నం, వంటిళ్లు సర్దుకోవడం అయ్యాక, మా అరుగు మీదికి వీధిలోని ఆడవాళ్లందరూ చేరేవాళ్లు. చేటలో బియ్యం ఏరుతూ ఒకరు, చింతపండు గింజ తీస్తూ ఇంకొకరు. వాళ్లలో సగం మందికి చదువు రాదు. పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుని సీరియల్ చదివేది. గొంతులో ఏ ఎత్తుపల్లాలూ ఉండేవి కావు. ఒకరి మాట అయిపోయి ఇంకొకరిది మొదలయ్యేచోట చిన్నగా ఆగేది, అంతే. ఆ ఆగడంలోనే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోయేది. హీరో కారు దిగేచోట వర్ణన సాగితే "కారు గురించి అరపేజీ ఉందమ్మా" అని చెప్పి దాటేసేది. ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు. కోడలి మీద అత్త విరుచుకుపడే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం పెద్దమ్మ పత్రిక నుంచి తలెత్తేది కాదు. స్తంభం పక్కన కూర్చునే ఒకావిడ ఇంట్లో అదే నడుస్తోందని అందరికీ తెలుసు. ఆవిడ చేతిలో చేట ఆగిపోయేది. పెద్దమ్మ వేగం పెంచేది కాదు, తగ్గించేది కాదు, ఒక్క మాట వదిలేది కాదు. కారు వర్ణన వదిలేసిన మనిషి అక్కడ అక్షరం వదల్లేదంటే, ఆ పేజీ ఎవరికోసం చదువుతోందో పెద్దమ్మకి తెలుసు. మరుసటి వారం "కిందటిసారి ఎక్కడ ఆపాం?" అంటే, చదువు రాని ఆ స్తంభం పక్కావిడే మాట పొల్లుపోకుండా అప్పజెప్పేది.

విజయవాడ రేడియోలో రామాయణ భారతాలు చెప్పిన ఉషశ్రీ గారి సంగతేమిటని మీరు అడుగుతారు. అది పురాణం చెప్పడం. అక్కడ చెప్పే మనిషే సగం గ్రంథం. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథ చదివేవాళ్లు ఆ పని చెయ్యబోతే శ్రీపాద వెనక్కి వెళ్లిపోతారు.

అందుకని నా జాబితాలో పుస్తకంతో పాటు గొంతు కూడా ఉంటుంది. శ్రీపాద కథలు గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన ఆడమనిషి చదివితే వినాలి. నామిని 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు యాసలో తప్ప వినకండి. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తెలంగాణ పల్లె తెలిసినవాళ్లు చదవాలి. 'వేయిపడగలు' అసలు నోటి మీదే పుట్టిన నవల, విశ్వనాథ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారు. దాన్ని ఊపిరి ఉన్నవాళ్లెవరైనా చదవచ్చు. యంత్రం గొంతుతో తయారైనవి మాత్రం లైబ్రరీ గడప తొక్కనివ్వకూడదని, అదే ముక్క జిల్లా గ్రంథాలయ సంస్థకి రాయాలని కూడా అనుకున్నాను. "డా." అని ఉన్నచోట "డా" అని ఆగిపోయే గొంతుకి కథ ఏం తెలుస్తుంది?

గ్రూప్స్‌కి చదువుతున్న, చూపులేని ఒక కుర్రాడితో ఈ మాటే అన్నాను. అతను తన లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ నడిపి చూపించాడు. ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ అది. నాకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా తెలుగు చదువుతోంది, అతను తలూపుతూ వింటున్నాడు. "మేడం, నవల చదివి రికార్డు చేస్తామని చాలామంది వస్తారు. ఆంధ్రప్రదేశ్ చరిత్ర, ఎకానమీ నాకు ఎవరు చదువుతారు? పరీక్ష లోపు ఎప్పటికి అయ్యేను?" అన్నాడు. రాయాలనుకున్న ఆ ఉత్తరం ఇక రాయను. ముందు రావాల్సింది యంత్రానికి అందే ప్రతులే, అన్ని పుస్తకాలకీ.

చట్టం ఇందుకు అడ్డం లేదు. వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగలిగే రూపంలోకి, లాభాపేక్ష లేకుండా, ఏ పుస్తకాన్నైనా మార్చుకోవచ్చని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న గ్రంథాలయాలకీ ఆ వీలుంది. చూపులేని పాఠకుల కోసం చేసుకున్న మర్రాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. 2016లో 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. అచ్చు చదవలేనివాళ్ల కోసమే అది. నాకు ఉత్తరం రాసినావిడ తన తల్లిని అందులో చేర్పించవచ్చు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం, అడిగే హక్కుంది. లైబ్రరీకి ఇచ్చే దరఖాస్తులో మొదట పోటీపరీక్షల పుస్తకాలూ పాఠ్యపుస్తకాలూ స్క్రీన్ రీడర్ చదవగలిగే ఫైళ్లుగా కావాలని రాయండి. ఆ కిందే శ్రీపాద పేరు రాయండి. ఆయన 1961లో పోయారు. రచయిత తర్వాత 60 ఏళ్లు నడిచే కాపీరైట్ 2021తో తీరిపోయింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక గది, ఒక మైకు, గోదావరి గొంతున్న ఒక రిటైరైన టీచరమ్మ చాలు. వేణువు వద్దని కూడా రాయండి.